కాన్పు గదిలో నిర్ణయం ఎవరిది?

తెలంగాణలో నూరు కాన్పులు జరిగితే వాటిలో 60 కాన్పులు పొట్ట కోసి బిడ్డను తీసేవే. 2019-21 నాటి ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చిన లెక్క ఇది. ఖచ్చితంగా చెప్పాలంటే 60.7 శాతం. దేశ సగటు 21.5 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం. తెలంగాణలోని ప్రైవేటు ఆసుపత్రులను మాత్రమే తీసుకుంటే ఈ అంకె 81.5 శాతానికి చేరుతుంది. అంటే అక్కడికి కాన్పు కోసం వెళ్ళిన ప్రతి ఐదుగురిలో నలుగురు కుట్లతో ఇంటికి తిరిగి వస్తున్నారు. ప్రభుత్వ ఆసుపత్రులలోనూ 44.5 శాతం. కరీంనగర్ జిల్లాలో అన్ని ఆసుపత్రులూ కలిపి చూసినా 80 శాతం దాటింది.

మన సభలలో వక్ఫ్ భూముల గురించి మాట్లాడుకుంటాం. రిజర్వేషన్ల గురించి, పోలీసు స్టేషన్ల గురించి, బడి మానేస్తున్న పిల్లల గురించి మాట్లాడుకుంటాం. కాన్పు గది మాట మాత్రం ఏ తీర్మానంలోనూ కనబడదు. అది ఆడవారి వ్యవహారమని, డాక్టరు చూసుకునే సంగతని, అందులో హక్కుల ప్రసక్తి ఏముందని అనుకోవడం మనకు అలవాటైపోయింది. నా అభిప్రాయం వేరు. ఒక పేద ముస్లిం స్త్రీ తన జీవితంలో రాజ్యానికి, వైద్య వ్యాపారానికి, తన కుటుంబానికి ఏకకాలంలో పూర్తిగా లోబడి ఉండే స్థలం ఏదైనా ఉందంటే అది కాన్పు బల్లయే. అక్కడ జరిగే నిర్ణయాలలో చాలా భాగానికి వైద్యంతో సంబంధం లేదు.

ఈ మాట తొందరపడి అంటున్నది కాదు. మన పొరుగున ఉన్న మహారాష్ట్రను చూడండి. నిజామాబాద్‌కూ నాందేడ్‌కూ మధ్య పిల్లలను ఇచ్చిపుచ్చుకునే కుటుంబాలు మన పాఠకులలోనే ఎన్నో ఉన్నాయి. అక్కడి స్త్రీల ఎముకలు, రక్తం, తిండి మన స్త్రీలవాటికంటే భిన్నమైనవి కావు. అయినా అదే సర్వే ప్రకారం మహారాష్ట్రలో సిజేరియన్ కాన్పులు 25.4 శాతమే. పోనీ, ఎక్కువ కోతల వల్ల మన తల్లులు ఎక్కువ సురక్షితంగా ఉన్నారా అంటే అదీ లేదు. 2018-20 సంవత్సరాల నమూనా నమోదు లెక్కలలో లక్ష కాన్పులకు తల్లుల మరణాలు మహారాష్ట్రలో 33 కాగా, తెలంగాణలో 43, ఆంధ్రప్రదేశ్‌లో 45. సగానికంటే తక్కువ కోతలతో వాళ్ళు మనకంటే ఎక్కువమంది తల్లులను కాపాడుకోగలుగుతున్నారు. మరి మన దగ్గర కత్తి అంత తరచుగా ఎందుకు లేస్తున్నది?

అపార్థానికి తావు లేకుండా ఒక మాట ముందే చెప్పుకోవాలి. సిజేరియన్ అల్లాహ్ మనిషి బుద్ధి ద్వారా ప్రసాదించిన గొప్ప కారుణ్యాలలో ఒకటి. బిడ్డ అడ్డం తిరిగినప్పుడు, మాయ గర్భద్వారానికి అడ్డుగా ఉన్నప్పుడు, తల్లికి మూర్ఛలు కమ్మినప్పుడు ఆ కోత లేకపోతే రెండు ప్రాణాలు పోతాయి. తన పరిచారిక కాన్పులో మరణించడం చూసి చలించిపోయిన యువరాణి నీలోఫర్ పేరుతో 1953లో హైదరాబాద్‌లో ఆసుపత్రి వెలిసిన చరిత్ర మనకు తెలియనిది కాదు. సకాలంలో వైద్యం అందక తల్లులు పోయిన కాలం మరీ దూరానిది కాదు. అదే సర్వే ప్రకారం బీహార్‌లో సిజేరియన్లు 9.7 శాతమే. కోత అవసరమై కూడా అది అందని స్త్రీలు దేశంలో లక్షలాదిగా ఉన్నారు. అత్తగారు వద్దన్నదనో, భర్త రాలేదనో సంతకం ఆలస్యమై చేజారిన ప్రాణాలు మన మొహల్లాలలోనూ ఉన్నాయి. కనుక 'ఆపరేషన్ వద్దు' అనేది మన నినాదం కారాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పినదీ అదే. ఒక ప్రాంతంలో సిజేరియన్లు 10 శాతం వరకు పెరిగే కొద్దీ తల్లీబిడ్డల మరణాలు తగ్గుతాయి, ఆపైన పెరిగినందువల్ల మరణాలు ఇంకా తగ్గుతున్న జాడ లేదు, అయితే ఫలానా శాతం సాధించాలని పట్టుబట్టడం కంటే అవసరమైన ప్రతి స్త్రీకీ ఆ చికిత్స అందేలా చూడటమే ముఖ్యం అని ఆ ప్రకటన సారాంశం. 10కీ 60కీ మధ్య ఉన్న అగాధంలో వైద్యేతర కారణాలు ఎన్ని ఉన్నాయో వెదకడమే ఈ వ్యాసం పని.

మొదటి కారణం గడియారం. మన పట్టణాలలోని నర్సింగ్ హోములు ఎలా నడుస్తాయో గమనించండి. ఒక్క లేడీ డాక్టర్ ఉంటుంది. పొద్దున ఓపీ, సాయంత్రం ఓపీ. మత్తు డాక్టరు ఆ ఆసుపత్రికి చెందినవాడు కాదు. ఊరిలోని నాలుగైదు ఆసుపత్రులకు ఫోను చేస్తే వచ్చిపోయేవాడు. రాత్రి రెండు గంటలకు అతడు వస్తాడన్న నమ్మకం లేదు. తొలి కాన్పు నొప్పులు పన్నెండు గంటలు, ఒక్కోసారి పద్దెనిమిది గంటలు కూడా సాగుతాయి. ఆపరేషన్ గంటలోపు ముగుస్తుంది. సాయంత్రం ఐదింటికి నొప్పులు నెమ్మదిగా ఉన్న స్త్రీని చూసి, రాత్రి ఏదైనా తేడా వస్తే ఆదుకునేవారు ఎవరూ లేరన్న లెక్కతో డాక్టరు అప్పుడే నిర్ణయం తీసుకుంటుంది. ఆ డాక్టరు దుర్మార్గురాలు కానక్కరలేదు. ఆమె చుట్టూ ఉన్న ఏర్పాటే అలాంటిది. గంటకు ఒక సెంటీమీటరు చొప్పున గర్భద్వారం తెరుచుకోకపోతే ఏదో ప్రమాదం ఉన్నట్టేనని దశాబ్దాలుగా పాటించిన కొలతను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో పక్కన పెట్టింది. తల్లీబిడ్డలు క్షేమంగా ఉన్నంతవరకు నెమ్మదిగా సాగే నొప్పులు దానంతట అదే ఆపరేషన్‌కు కారణం కాదని స్పష్టంగా చెప్పింది. కానీ ఓపిక పట్టాలంటే రాత్రంతా పక్కన కూర్చునే మనిషి కావాలి. ఆ మనిషికి జీతం ఇవ్వాలి. నర్సింగ్ హోము ఖర్చుల పద్దులో ఆ మనిషికి చోటు లేదు.

డబ్బు సంగతి అందరికీ తెలిసిందే. సాధారణ కాన్పుకు ఒక రేటు, పెద్ద ఆపరేషన్‌కు దానికి రెండింతలో మూడింతలో. దానికి తోడు నాలుగైదు రోజుల గది అద్దె, కింద అంతస్తులో మందుల షాపు, రక్తపరీక్షలు. పల్లె నుంచి కేసు పంపిన ఆర్‌ఎంపీకి ముట్టే కమీషన్ కూడా ఎక్కడో ఒకచోట నుంచి రాబట్టాలి కదా. బీడీలు చుట్టి బతికే కుటుంబం ఈ మొత్తం కోసం కమ్మలో, గొలుసో కుదువ పెడుతుంది. వడ్డీ హరామని తెలిసీ వడ్డీకి తెస్తుంది. 2018లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ అనవసర సిజేరియన్లను తగ్గించడానికి వైద్యేతర చర్యలపై ఒక ప్రత్యేక మార్గదర్శిని విడుదల చేసింది. సాధారణ కాన్పుకూ సిజేరియన్‌కూ డాక్టరు ఫీజు సమానంగా ఉండే పద్ధతులను గట్టి పర్యవేక్షణలో పరీక్షించి చూడాలన్నది అందులో ఒకటి. సమస్య ఎక్కడుందో లోకానికంతా తెలుసు.

డాక్టర్ల భయాన్ని కూడా చెప్పకపోతే ఈ విశ్లేషణ ఏకపక్షమవుతుంది. 2022 మార్చిలో రాజస్థాన్‌లోని దౌసా జిల్లాలో ఒక బాలింత రక్తస్రావంతో మరణించగా, ఆందోళన జరిగి, పోలీసులు ఆ డాక్టరుపై ఏకంగా హత్య కేసు పెట్టారు. డాక్టర్ అర్చనా శర్మ ఆత్మహత్య చేసుకున్నారు. ఆసుపత్రి అద్దాలు పగలగొట్టడం మన ఊళ్ళలోనూ జరుగుతున్నదే. ఆపరేషన్ చేసిన తర్వాత బిడ్డ పోతే 'మా ప్రయత్నం మేం చేశాం' అనవచ్చు. ఆగి చూసి పోతే 'ఎందుకు ఆగారు' అని నిలదీస్తారు. ఆగిన డాక్టరుకు శిక్ష, కోసిన డాక్టరుకు రక్షణ ఉన్న సమాజంలో డాక్టరు దేన్ని ఎంచుకుంటుందో ఊహించడం కష్టం కాదు. ఈ భయాన్ని పెంచడంలో మన యువకుల ఆవేశానికీ పాత్ర ఉంది.

ఇక ఇంటి లోపలికి వద్దాం. ఆసుపత్రిని తప్పుపట్టడం సులభం. ఇంట్లో పెరిగే భయాన్ని చూడటం కష్టం.

మన ఆడపిల్లకు పెళ్ళి నాటికి వంట వస్తుంది, కుట్టు వస్తుంది, నమాజు, ఖురాన్ పారాయణం వస్తాయి. కాన్పు నొప్పులు ఎలా మొదలవుతాయో, ఎంతసేపు ఉంటాయో, ఆ మధ్యలో ఏం చేయాలో ఒక్కరూ చెప్పరు. ఆమె వినేదల్లా ఖాలాలు, ఫూఫీలు గుసగుసగా చెప్పుకునే భయంకరమైన కథలే. ఖురాన్‌లోని మర్యమ్ అధ్యాయం ఆ పుణ్యవతి ప్రసవవేదనను ఏమాత్రం దాచలేదు. ఆ బాధను, ఆ ఒంటరితనాన్ని, ఆ తర్వాత అందిన ఓదార్పును, తిండిని, నీటిని సైతం ప్రస్తావించింది. మనం మాత్రం సిగ్గు పేరుతో ఆ విషయాన్ని మూసిపెట్టాం. ఏమీ తెలియని పందొమ్మిదేళ్ళ పిల్ల, నొప్పులు పెరిగి భయపడిపోయినప్పుడు 'కోసేయండి' అని తనే వేడుకుంటుంది. తల్లి కూడా తట్టుకోలేక అదే అంటుంది. దీన్ని 'పేషెంటు కోరిక' అని రాసుకుంటారు. వెన్నులో సూది ద్వారా నొప్పి తగ్గించే పద్ధతి పెద్ద నగరాలలోని ఖరీదైన ఆసుపత్రులు దాటి రాలేదు. నొప్పి తగ్గించే మార్గాలేవీ ఆమె ముందు పెట్టకుండా, భరించడమో కోతో అని రెండే దారులు చూపి, ఆమె రెండోది ఎంచుకున్నదనడం న్యాయం కాదు.

గల్ఫ్ సెలవు మరొక కారణం. కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల ప్రాంతాల వారికి దీన్ని వివరించనక్కరలేదు. దమ్మామ్ నుంచో రియాద్ నుంచో భర్త నెల రోజుల సెలవు మీద వస్తాడు. బిడ్డ ముఖం చూడకుండా తిరిగి వెళ్ళాలంటే ఎవరి మనసు ఒప్పుతుంది? టిక్కెట్టు తేదీ ముందే ఖాయమై ఉంటుంది. దానికి తగినట్టు కాన్పు తేదీ వెనక్కి జరుగుతుంది. మా దూరపు బంధువుల ఇంట్లో 37 వారాలకే ఆపరేషన్ చేయించారు. బిడ్డకు ఊపిరి సరిగా అందక ఆరు రోజులు గాజుపెట్టెలో ఉంచారు. తండ్రి ఆ గాజు అద్దంలోంచే బిడ్డను చూసుకుని విమానం ఎక్కాడు. నొప్పులు రాకముందే, 39 వారాలు నిండకముందే ముహూర్తం పెట్టుకుని కోస్తే బిడ్డకు శ్వాస ఇబ్బందులు వచ్చే అవకాశం పెరుగుతుందని ఆ ఇంట్లో ఎవరికీ ఎవరూ చెప్పలేదు.

ముహూర్తం అన్నాను కదా. తెలంగాణలో తిథి, నక్షత్రం చూసి ఆపరేషన్ చేయించుకునే అలవాటు ఎంత ముదిరిందంటే, 2022లో ఆరోగ్యమంత్రిగా ఉన్న హరీశ్ రావు ముహూర్తపు కాన్పులను బహిరంగంగానే తప్పుపట్టవలసి వచ్చింది. ఇది విని మనలో కొందరు 'మనకు ఆ జాఢ్యం లేదు' అని తృప్తిపడతారు. సఫర్ నెల మొదటి పదమూడు రోజులను 'తేరా తేజీ' అని పిలిచి, ఆ రోజుల్లో పుట్టిన బిడ్డకు కీడని భయపడి, ముందో వెనుకో తేదీ అడిగే పెద్దమ్మలు మన దక్కన్ ఇళ్ళలో లేరా? సఫర్ నెలకు అశుభం అంటగట్టడాన్ని ప్రవక్త ముహమ్మద్ (స) స్వయంగా తోసిపుచ్చారని ప్రతి మదరసా విద్యార్థికీ తెలుసు. జుమా రోజు కావాలని, రబీవుల్ అవ్వల్ 12 కావాలని డాక్టరును అడిగేవారూ ఉన్నారు. పుట్టే ఘడియను తన బిడ్డకు ఎంచిపెట్టినవాడి మీద నమ్మకం ఉన్నామని చెప్పుకునే మనకు ఇది తగినది కాదు.

ఇంతవరకు చెప్పినవి అన్ని మతాల వారికీ కొంచెం అటూ ఇటూగా వర్తించేవే. ముస్లిం స్త్రీకి ప్రత్యేకంగా తగిలే దెబ్బ మరొకటి ఉంది. ఈ పత్రికలో ఈ విషయం రాయడానికి అసలు కారణం అదే.

పేదరాలైన మన స్త్రీ ఉచితంగా కాన్పు జరిగే ప్రభుత్వ ఆసుపత్రిని వదిలి, అప్పు చేసి నర్సింగ్ హోముకు ఎందుకు వెళ్తుంది? తెలంగాణ లెక్కలలో ప్రభుత్వ ఆసుపత్రిలో కోత పడే అవకాశం, ప్రైవేటులోకంటే దాదాపు సగం. ఆంధ్రప్రదేశ్‌లో ఈ తేడా ఇంకా పెద్దది. ప్రైవేటులో 63 శాతం, ప్రభుత్వంలో 26.6 శాతం. అంటే ఆమె ఏ గేటు దాటి లోపలికి వెళ్ళిందన్న దాన్ని బట్టే ఆమె పొట్ట భవిష్యత్తు చాలావరకు తేలిపోతున్నది. ఆ గేటు ఎంపిక వెనుక అవమాన భయం ఉంది. బురఖా ధరించిన స్త్రీలకు బజారులో, బడిలో, ఆసుపత్రిలో ఎదురయ్యే అమర్యాదను 2006లోనే సచార్ కమిటీ నివేదిక నమోదు చేసింది. కాన్పు వార్డులో ఆ అమర్యాద మరింత కరుకుగా ఉంటుంది. నొప్పితో అరిస్తే తిట్లు, ఒక్కోసారి తొడ మీద దెబ్బ. ఇది పేద స్త్రీలందరికీ జరుగుతుంది. కానీ ముస్లిం స్త్రీకి అదనంగా మరో మాట పడుతుంది: 'మీకు ఎంతమంది పిల్లలైనా చాలదు'. రెండో కాన్పుకు వచ్చిన పిల్లకు కూడా ఈ మాట తప్పదు. ఒకసారి ఈ మాట విన్న స్త్రీ మొహల్లా అంతటికీ చెబుతుంది. ఆ తర్వాత పది కుటుంబాలు ఆ ఆసుపత్రి గేటు తొక్కవు.

భాష మరో గోడ. పాతబస్తీలో, బోధన్‌లో, నిర్మల్‌లో ఇంట్లో దక్కనీ ఉర్దూ మాత్రమే మాట్లాడే స్త్రీలు వేలమంది ఉన్నారు. (కోస్తాలో తెలుగే ఇంటిభాషగా బతికే మన కుటుంబాలకు ఈ బాధ లేదు. కనుకనే వారు దీని తీవ్రతను ఒక్కోసారి గుర్తించరు.) నొప్పి ఎక్కడ, ఎంతసేపటికి ఒకసారి వస్తున్నది, నీరు పోయిందా లేదా అని అడిగినప్పుడు జవాబు చెప్పలేని స్త్రీ విషయంలో వైద్యులు ఊహ మీద నడుస్తారు. ఊహ మీద నడిచేవారు సురక్షితమనిపించిన దారే పడతారు, అది ఆపరేషన్ థియేటర్‌కు వెళ్తుంది. పక్కన తోడుగా ఒక మనిషి ఉంటే ఈ గోడ సగం కూలుతుంది. కాన్పు సమయంలో తల్లి పక్కన నిరంతరం ఒక తోడు ఉంటే సాధారణ కాన్పులు పెరుగుతాయని, సిజేరియన్లు తగ్గుతాయని, వేలాది మంది స్త్రీలపై జరిగిన పరిశీలనలను క్రోడీకరించి 2017లో కాక్రేన్ సంస్థ ప్రచురించిన సమీక్ష చెబుతున్నది. కేంద్ర ప్రభుత్వం అదే ఏడాది మొదలుపెట్టిన 'లక్ష్య' కార్యక్రమం కాన్పు గదిలో తోడును అనుమతించాలంటున్నది. అయినా తల్లినీ అత్తనూ కారిడార్‌లోనే నిలబెట్టే ఆసుపత్రులు ఎన్నో. తోడు అనేది దయ కాదు, ప్రభుత్వమే ఒప్పుకున్న ప్రమాణం అని మన కార్యకర్తలలో ఎందరికి తెలుసు?

గోషా పాటించే స్త్రీకి మహిళా డాక్టరే కావాలన్న కోరికను కొందరు మూఢత్వం కింద జమకడతారు. నేను అలా అనుకోను. విశాఖపట్నంలో విక్టోరియా ఘోషా ఆసుపత్రి, హైదరాబాద్‌లో విక్టోరియా జనానా ఆసుపత్రి ఆ కోరికను గౌరవించడం కోసం వెలిసినవే. వలస పాలకులకూ నిజాముకూ అర్థమైన సంగతి ఈనాటి వైద్యశాఖకు అర్థం కాకపోవడం విచిత్రం. రాత్రి డ్యూటీలో మహిళా డాక్టరు ఉంటుందన్న భరోసా లేనప్పుడు, పగలు పదకొండు గంటలకు ఫలానా మేడమ్ చేతనే అని ముందే నిర్ణయించిన ఆపరేషన్ కుటుంబానికి నెమ్మదిగా కనిపిస్తుంది. పరువు కోసం పొట్ట కోయించుకోవలసి రావడం స్త్రీ తప్పు కాదు. రాత్రివేళ శిక్షణ పొందిన మంత్రసాని లేకపోవడం వల్ల వచ్చిన అగత్యం అది.

మొదటి కోత ఎందుకంత ముఖ్యం అని అడగవచ్చు. ఎందుకంటే మన రాష్ట్రాలలో మొదటిది కోత అయితే రెండోదీ కోతే. నిజానికి ఒక సిజేరియన్ తర్వాత సరైన పర్యవేక్షణలో సాధారణ కాన్పుకు ప్రయత్నించిన స్త్రీలలో పదిమందిలో ఆరేడుగురు విజయవంతంగా కంటారు. పాత కుట్టు విడిపోయే ప్రమాదం ఉంది, అయితే అది సుమారు రెండువందల మందిలో ఒకరికి. ఆ ఒకరికోసం థియేటరు, రక్తం, మత్తు డాక్టరు సిద్ధంగా ఉండాలి కాబట్టి నర్సింగ్ హోములు ఆ ప్రయత్నమే చేయవు. ఇక కోత మీద కోత పడే కొద్దీ లోపలి అవయవాలు అతుక్కుపోతాయి, మాయ పాత గాటులోకి చొచ్చుకుపోయే ప్రమాదం పెరుగుతుంది. అమెరికాలో 30 వేల మందికి పైగా స్త్రీలను పరిశీలించి 2006లో ప్రచురించిన అధ్యయనంలో, మాయ గర్భద్వారానికి అడ్డుగా ఏర్పడిన స్త్రీలలో ఇంతకుముందు ఒక సిజేరియన్ జరిగినవారికి 11 శాతం, రెండు జరిగినవారికి 40 శాతం ఇలా మాయ లోతుగా అతుక్కుపోయినట్టు తేలింది. అప్పుడు గర్భసంచి తీసేస్తే తప్ప రక్తం ఆగని పరిస్థితి రావచ్చు. మన రెండు రాష్ట్రాలలో సగానికి పైగా గర్భిణులు రక్తహీనతతో ఉన్నారన్నది కూడా ఇక్కడ గుర్తుంచుకోవాలి. రక్తం లేని ఒంటికి మూడో కోత ఎంత భారమో వేరే చెప్పనక్కరలేదు.

దీని పర్యవసానం పిల్లల సంఖ్య మీద పడుతుంది. ఇద్దరితో ఆగాలా, నలుగురిని కనాలా అన్నది దంపతుల ఇష్టం. కానీ అనవసరమైన మొదటి కోత ఆ ఇష్టాన్ని ముందే కత్తిరించేస్తున్నది. రెండో ఆపరేషన్ బల్ల మీద 'ఎలాగూ తెరిచాం కదా, కుటుంబ నియంత్రణ కూడా చేసేద్దామా' అన్న ప్రశ్న వస్తుంది. అది కూడా కుట్లు వేయబోతూ, బయట నిలబడ్డ భర్తతోనో అత్తతోనో. ఆంధ్రప్రదేశ్‌లో వివాహిత స్త్రీలలో 69.6 శాతం, తెలంగాణలో 61.9 శాతం మంది ఈ ఆపరేషన్ చేయించుకున్నవారే. తమ ఇష్టంతో, తెలిసి చేయించుకున్నవారి మాట వేరు. సగం మత్తులో ఉన్న స్త్రీని అడగకుండా, ఆమె తరఫున మరొకరు తల ఊపడం చట్టం ఒప్పుకునేది కాదు. 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయం తేల్చి చెప్పింది. పరీక్ష కోసం మత్తు ఇచ్చిన స్త్రీకి, ఆమె తల్లి అనుమతితో గర్భసంచి తీసేసిన కేసు అది. ప్రాణాపాయం లేనప్పుడు, వయోజనురాలైన రోగి స్వయంగా ఇవ్వని సమ్మతికి బదులుగా తల్లి సమ్మతి చెల్లదని కోర్టు తీర్పు చెప్పింది. ఒకదానికి ఇచ్చిన సమ్మతి మరొకదానికి వర్తించదని కూడా అన్నది.

ఈ తీర్పును మన మగవారు కూడా శ్రద్ధగా చదవాలి. భర్త గల్ఫ్‌లో ఉంటే వాట్సాప్‌లో అతని అనుమతి వచ్చేదాకా ఆపరేషన్ ఆపిన సందర్భాలు ఉన్నాయి. అతని ఒక్క ఫోనుతో అవసరం లేని ఆపరేషన్ జరిగిన సందర్భాలూ ఉన్నాయి. రెండు చోట్లా లోపించింది ఒకటే, కడుపు మోస్తున్న మనిషి మాట. ఆమె సంతకం చేసే కాగితం సంగతి మరీ ఘోరం. చిన్న అక్షరాలలో ఇంగ్లీషు. నొప్పుల మధ్య వేలిముద్ర. తెలంగాణలో 2017 నుంచి రాష్ట్రమంతటా ఉర్దూ రెండవ అధికార భాష. ఆంధ్రప్రదేశ్ 2022లో ఆ హోదా ఇచ్చింది. సైన్‌బోర్డుల మీద ఉర్దూ కోసం వినతిపత్రాలు ఇచ్చాం, మంచిదే. సమ్మతి పత్రం ఉర్దూలో, తెలుగులో ఉండాలని ఒక్క వినతిపత్రమైనా ఇచ్చామా?

ప్రభుత్వాలు ఏమీ చేయలేదని అనడం సత్యం కాదు. తెలంగాణ 2017లో ఫెర్నాండెజ్ ఫౌండేషన్, యూనిసెఫ్‌లతో కలిసి నర్సులకు మిడ్‌వైఫరీ శిక్షణ కరీంనగర్‌లో మొదలుపెట్టింది. కాన్పును వ్యాధిగా కాక ప్రకృతి ధర్మంగా చూసి, ఓపికతో పక్కన ఉండి, ప్రమాద చిహ్నం కనబడగానే డాక్టరును పిలిచే వృత్తి అది. మన నానమ్మల కాలంలో దాయీ చేసిన పనిలో మంచిని ఉంచి, మురికినీ అజ్ఞానాన్నీ తీసివేసిన రూపం అనుకోవచ్చు. ఈ శిక్షణకు మన ఆడపిల్లలు ఎందరు వెళ్తున్నారు? నర్సింగ్ చదివిన, ఉర్దూ తెలిసిన, తెలుగు వచ్చిన వంద మంది ముస్లిం మిడ్‌వైఫ్‌లు జిల్లా ఆసుపత్రులలో ఉంటే పైన చెప్పిన సగం గోడలు లేవు. మైనారిటీ సంక్షేమ శాఖ ఉపకార వేతనాల చర్చలో ఇంజనీరింగ్, ఎంబీఏ తప్ప ఈ మాట వినబడదు.

ఇంకో మాట కూడా ఉంది. శాతం తగ్గించాలన్న ఒత్తిడి పై నుంచి వచ్చినప్పుడు, కింద అది మరో రకం హింసగా మారే ప్రమాదం ఉంది. కోత అవసరమైన స్త్రీని కూడా 'నార్మల్ కావాలి' అని గంటల తరబడి లాగడం, పొట్ట మీద బలంగా నొక్కడం, తిట్టడం. సాధారణ కాన్పులకు సిబ్బందికి డబ్బు రూపంలో ప్రోత్సాహకాలు ప్రకటించడం నాకు అందుకే పూర్తిగా నచ్చలేదు. డబ్బు కోసం కోయడం ఎంత తప్పో, డబ్బు కోసం కోయకపోవడమూ అంతే తప్పు.

2017లో కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకం జాబితాలోని ప్రైవేటు ఆసుపత్రులన్నీ తమ సాధారణ కాన్పుల, సిజేరియన్ల సంఖ్యను బోర్డు మీద ప్రదర్శించాలని ఆదేశం వచ్చింది. ఒక సామాన్య మహిళ మొదలుపెట్టిన విజ్ఞాపనకు లక్షకు పైగా సంతకాలు వచ్చాకనే అది సాధ్యమైంది. ఆ నియమం ప్రతి నర్సింగ్ హోముకూ విస్తరించాలని రాష్ట్ర ప్రభుత్వాలను అడగడం మన సంఘాలకు అసాధ్యమైన పని కాదు. జాతీయ మానవ హక్కుల కమిషన్ రూపొందించిన రోగుల హక్కుల పత్రంలో రెండో డాక్టరు అభిప్రాయం తీసుకునే హక్కు, తన రికార్డుల నకలు పొందే హక్కు ఉన్నాయి. ఎనిమిదో నెలలోనే 'ఉమ్మనీరు తక్కువ', 'పేగు మెడకు చుట్టుకుంది' అని చెప్పి తేదీ ఇస్తే, స్కాన్ కాగితంతో మరో డాక్టరు దగ్గరకు వెళ్ళే సమయం ఉంటుంది. పేగు మెడకు చుట్టుకోవడం దాదాపు ప్రతి నాలుగైదు కాన్పులలో ఒకదాంట్లో కనిపించేదే, అదొక్కటే కోతకు కారణం కాదు. ఇంత చిన్న విషయం తెలియక కుదువకు వెళ్ళిన నగలెన్నో.

మస్జిద్ కమిటీలు షాదీఖానాలను నెలకొక ఆదివారం పొద్దున రెండు గంటలు గర్భిణుల కోసం కేటాయించవచ్చు. ఒక లేడీ డాక్టరో, అనుభవజ్ఞురాలైన నర్సో వచ్చి ఉర్దూలోనూ తెలుగులోనూ నొప్పుల గురించి, శ్వాస గురించి, ఏ లక్షణం కనబడితే పరుగున ఆసుపత్రికి రావాలో చెబితే చాలు. అత్తలను తప్పనిసరిగా పిలవాలి, ఇంట్లో నిర్ణయం చాలాసార్లు వారిదే కనుక. ఖుత్బాలో ఇమాం సాహెబ్ తేరా తేజీ గురించి ఒక్క వారం మాట్లాడినా కొన్ని తేదీలు తమంతట తాము మారతాయి.

ప్రభుత్వ ఆసుపత్రులకు అభివృద్ధి సంఘాలు ఉంటాయి. వాటి సమావేశాలకు ప్రజాప్రతినిధులు, కలెక్టరు తరఫు అధికారులు వస్తారు. మన కార్యకర్తలు అక్కడికి సాధారణంగా మంచాలు, మంచినీళ్ళు, మరుగుదొడ్ల గురించి వెళ్తారు. ఈసారి వెళ్ళినప్పుడు మూడు విషయాలు రాతపూర్వకంగా అడగండి. గత ఏడాది ఈ ఆసుపత్రిలో తొలి కాన్పుకు వచ్చినవారిలో ఎందరికి ఆపరేషన్ జరిగింది? కాన్పు గదిలోకి తల్లినో అక్కనో తోడుగా రానిస్తున్నారా? రాత్రి రెండు గంటలకు ఆ వార్డులో డ్యూటీలో ఉండేవారు ఎందరు, వారిలో ఉర్దూ తెలిసినవారు ఎందరు?